మస్కిలో ఒక రాత్రి

విదేశాల్లో ఉన్న మన మిత్రులు సెలవులకు వచ్చినప్పుడల్లా 'బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్' ముచ్చట్లు చెబుతూంటారు. చిన్న ఊళ్ళో ఎవరో ఒక పెద్దావిడ తన ఇంట్లో ఒక గది ఇస్తుందనీ, పొద్దున్నే ఫలహారం పెట్టి మరీ పంపిస్తుందనీ, సైకిళ్ళమీద తిరిగేవాళ్ళకు అలాంటి ఇళ్ళే గతి అనీ. మన దేశంలో అలాంటివి కొండ ప్రాంతాల్లోనే ఉంటాయి కాబోలనుకునేవాణ్ణి. కిందటి డిసెంబరులో నేనూ మా అమ్మాయీ సైకిళ్ళు వేసుకుని రాయచూరు నుంచి హంపికి బయల్దేరినప్పుడు, అలాంటి ఇంటిని మేము వెతుక్కోలేదు. ముల్లు గుచ్చుకుని అదే దొరికింది.

ఆ ముల్లు గురించి కాస్త చెప్పాలి. మనం సర్కారు తుమ్మ అనే చెట్టును ఆ ప్రాంతంలో బళ్ళారి జాలి అంటారు. రోడ్డుకు రెండువైపులా అదే. దాని ముల్లు టైరులోంచి ట్యూబులోకి దిగి లోపలే విరుగుతుంది. సిరవార, కవితాళ మీదుగా మస్కికి సుమారు 80 కిలోమీటర్లు. పొద్దు ఉండగానే చేరాలన్నది మా ఆలోచన. మూడు పంక్చర్లయ్యాయి. నాలుగోది మస్కి ఊరి మొగదల అయ్యేసరికి సొల్యూషన్ ట్యూబు ఖాళీ, చీకటి పడింది. సైకిళ్ళు నడిపించుకుంటూ ఊళ్ళోకి వెళ్ళాం.

ఒక లాడ్జి నిండా పెళ్ళివారు. ఇంకో దానికింద బారు. నేనొక్కణ్ణే అయితే పడుకునేవాణ్ణేమో గాని, పందొమ్మిదేళ్ళ పిల్లను వెంటబెట్టుకుని ఆ మెట్లెక్కడానికి కాళ్ళు రాలేదు. మా అమ్మాయి మాత్రం "నాన్నా, ముందు ఏమైనా తిందాం, తర్వాత భయపడదాం" అంది. వీధి చివర ఖానావళి కనిపించింది.

ఖానావళి అంటే తెలియనివారికి: ఉత్తర కర్ణాటకలో భోజనం పెట్టే ఇల్లు. పేరుకు హోటలే అయినా నిజానికి ముందుగదిలో నాలుగు బల్లలు, వెనక గదిలో పొయ్యి, ఆ పొయ్యి దగ్గర ఇంటి ఇల్లాలు. మేము వెళ్ళిన చోట ఆవిడకు అరవై దాటి ఉంటాయి. భర్త పోయి చాలాకాలమైందట, కొడుకు బెంగుళూరులో ఉద్యోగం. సైకిళ్ళను చూసి, దుమ్ము కొట్టుకుపోయిన పిల్లను చూసి, "బా తంగి, ఒళగ బా" అని లోపలికి పిలిచింది. నా బెంగుళూరు కన్నడం అక్కడ చెల్లలేదు. మా అమ్మాయి బడిలో చదువుకున్న కన్నడమే మమ్మల్ని గట్టెక్కించింది. మా ఇద్దరి మాటలూ విని ఆవిడ నవ్వి, "తెలుగోళ్ళా? యాడ నించి వస్తిరి అన్నా?" అని అడిగింది. వచ్చీరాని తెలుగు కాదు, నిక్షేపంలాంటి తెలుగు.

గది సంగతి అడిగాను. మేడమీద కొడుకు గది ఉంది, అతను పండగలకే వస్తాడు, మూడు వందలు ఇవ్వండి అంది.

భోజనం గురించి రాయకపోతే మా అమ్మాయి ఊరుకోదు. పెనంమీంచి నేరుగా కంచంలోకి జొన్నరొట్టె, ఎణ్ణెగాయి అనే గుత్తివంకాయ, వేరుశెనగ పొడి, పెరుగు. ఇంకొక గిన్నెలో పుల్లటి ఆకుకూర. పుండి పల్యె అంది. నోట్లో పెట్టుకోగానే నాకు తెలిసిపోయింది, గోంగూర! జొన్నరవ్వ వేసి ఉడికించిన గోంగూర. అది ఆంధ్రుల సొంతమని మన సంఘం సమావేశాల్లో నేనే రెండుసార్లు ఉపన్యసించిన పాపం గుర్తొచ్చింది.

తెలుగు ఎలా వచ్చిందని అడిగాను. ఆవిడ రొట్టె తడుతూనే చెప్పింది.

ఇక్కడ పాఠకులకు కొంచెం వెనకటి కథ కావాలి. హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట పని 1945లో మొదలై 1953లో పూర్తయింది. ఎడమ కాలువ కొప్పళ, రాయచూరు జిల్లాల మెట్టభూములకు నీళ్ళు తెచ్చింది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు డెల్టాలో ఎకరం అమ్మి ఇక్కడ ఎన్నో ఎకరాలు కొని, గుడిసెలు వేసుకుని ఊళ్ళు కట్టారు. వాటినే క్యాంపులంటారు. సింధనూరు, కారటగి, గంగావతి చుట్టూ ఉన్నాయి. మా బంధువుల్లోనూ అలా వెళ్ళినవాళ్ళున్నారు. 'అక్కడివాళ్ళకు నీళ్ళ వ్యవసాయం తెలియదు, మనవాళ్ళు వెళ్ళి బంగారం పండించారు' అని చిన్నప్పుడు మా ఇంట్లో ప్రతి పెళ్ళిలోనూ వినేవాణ్ణి. అబద్ధం కాదు. తేళ్ళూ ముళ్ళూ ఉన్న నేలను చదును చేసి వరి పండించడం ఆషామాషీ పని కాదు. కాని ఆ కథలో అమ్మినవాళ్ళ మాట ఎప్పుడూ రాలేదు.

ఆవిడ పుట్టిల్లు సింధనూరు వైపు ఒక పల్లె. వాళ్ళ నాన్నకు ఆరెకరాల రేగడి. పెద్దకూతురి పెళ్ళి అప్పు తీర్చడానికి, కాలువ తమ చేను దాకా రాకముందే అమ్మేశాడు. కొన్నది మనవాళ్ళే. నాలుగేళ్ళకు నీళ్ళు వచ్చాయి.

"మా మడిలోనే నాటు వేస్తిని అన్నా, కూలికి," అంది. "పన్నెండేండ్లు నాకు. ఆ ఇంటామె తెలుగులో చెప్తా ఉండె, నేను నేర్చుకుంటా ఉంటిని."

నాకేం మాట్లాడాలో తోచలేదు. అది గమనించిందో ఏమో, "చెడ్డోళ్ళు కాదు. కూలి సందేళకే ఇస్తా ఉండ్రి. మా నాయన కూడా వాళ్ళ తావనే పని చేసె," అని మరో రొట్టె నా కంచంలో వేసింది. కోపంగా చెప్పలేదు, జాలి కోరీ చెప్పలేదు. నిన్న వర్షం పడిందన్నట్టు చెప్పింది. మా అమ్మాయి తినడం ఆపి నావైపు చూసింది. మన కుటుంబాల్లో చెప్పుకునే కథలు పిల్లలు ఎంత శ్రద్ధగా వింటారో అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి మేడమీద గదిలో కొడుకు పాఠ్యపుస్తకాల మధ్య పడుకున్నాం. కిటికీకి దోమతెర, మంచినీళ్ళ చెంబు, లోపల గడియ. అమ్మాయి నిమిషంలో నిద్రపోయింది. నాకే పట్టలేదు.

తెల్లవారి కొండకు వెళ్ళాం. చరిత్ర చదువుకున్నవాళ్ళకు మస్కి అనగానే అశోకుడు గుర్తురావాలి. 1915లో బీడన్ అనే గని ఇంజనీరు ఈ చుట్టుపక్కల బంగారం కోసం వెతుకుతూ ఒక గుండుమీద రాతలు చూశాడు. అప్పుడిది నైజాం రాజ్యం. అదే ఏడాది హెచ్. కృష్ణశాస్త్రి గారు దాన్ని చదివి హైదరాబాదు పురావస్తు గ్రంథమాలలో మొదటి సంచికగా ప్రకటించారు. బంగారం అటు హట్టిలో ఇప్పటికీ తీస్తున్నారు గాని, బీడన్‌కు దొరికింది అంతకన్నా అపురూపమైనది. అప్పటిదాకా దొరికిన శాసనాలన్నిటిలో 'దేవానాంపియ', 'పియదసి' అనే బిరుదులే. ఆ రాజు అశోకుడేనని సింహళ గ్రంథాల ఆధారంగా పండితులు చెబుతున్నారు గాని, రాయిమీద పేరు లేదు. మస్కి రాయిమీద 'దేవానాంపియస అసోకస' అని ఉంది. తర్వాత గుజర్రా, నిట్టూరు, ఉదెగొళంలోనూ ఆ పేరు దొరికింది.

ఎనిమిది వరసల శాసనం, బాగా అరిగిపోయింది. బ్రాహ్మీలో 'క' అంటే కూడిక గుర్తు. ఆ సంగతి చెబితే మా అమ్మాయి తల వంచి వెతికి, ఎట్టకేలకు ఒకటి పట్టుకుంది. అది అశోకుడిలోని 'క' అవునో కాదో నేను పూచీపడను. తెలుగు అక్షరాలూ కన్నడ అక్షరాలూ పుట్టింది ఆ బ్రాహ్మీలోంచే. శాసనంలో రాజు చెప్పినదాని సారం: ధర్మంలో నిలిచి పైకి చేరడం గొప్పవారికే అనుకోవద్దు, చిన్నవాడికీ సాధ్యమే, ఈ మాట చిన్నా పెద్దా అందరికీ చెప్పండి అని.

ఫలహారం దగ్గర మా అమ్మాయి ఇదంతా ఆవిడకు కన్నడంలో చెప్పింది. ఆవిడ విని, "అంత దూరం నించి వచ్చె గదా, ఆ రాయి చెక్కినోళ్ళకి రొట్టె ఎవరు పెట్టిరో?" అంది. ఫలహారం బొరుగుల ఒగ్గరణె, మిరపకాయ బజ్జీ. కర్నూలు, అనంతపురం వాళ్ళు ఉగ్గాణి అంటారే, అదే.

గది మూడు వందలు, రాత్రి భోజనం ఇద్దరికీ నూట అరవై, పొద్దుట ఎనభై. మొత్తం 540. నేను వెయ్యి ఇచ్చి, "ఉంచండక్కా" అన్నాను. ఎందుకిచ్చానో నాకు తెలుసు. ఆవిడకూ తెలిసినట్టుంది. డబ్బాలోంచి 460 లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది.

"రేపు ఇంకో సైకిలాయన వస్తే ఆయన్నీ ఇంతే అడగాల గదా అన్నా."

మా అమ్మాయి నా చేతిలోంచి చిల్లర తీసుకుని, "అజ్జీ, నాలుగు రొట్టెలు కట్టివ్వండి, దారికి" అంది. వాటికి వేరే నలభై. ఆ డబ్బు మాత్రం సంతోషంగా తీసుకుంది. పంక్చరు వేసే కుర్రాణ్ణి పిలిపించి, మా ట్యూబుల్లో మిగిలిపోయిన ముళ్ళు కూడా ఏరించింది.

సింధనూరు రోడ్డెక్కాక కొంతదూరం కంది, పత్తి, జొన్న. కాలువ నీళ్ళు అందిన చోటునుంచి వరి కోసిన పొలాలు. మధ్యాహ్నం ఒక క్యాంపు దగ్గర టీ కొట్టులో ఆగాం. మా మాట వినగానే పక్కబల్ల మీది పెద్దాయన ముఖం వెలిగిపోయింది. ఏ ఊరు, ఎవరి తాలూకు అన్నీ అడిగాడు. టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. రాత్రి ఎక్కడ దిగారని అడిగాడు. మస్కిలో అన్నాను.

"మస్కిలోనా! అక్కడ మనవాళ్ళెవరున్నారు?"

నేను జవాబు వెతుక్కునేలోగా మా అమ్మాయి మూట విప్పి ఆయన ముందు ఒక రొట్టె పెట్టింది.