ఇసుక మేటలు, రాతి అంగళ్లు

ఆఫ్రికా ఖండపు ఉత్తరతీరమున, లిబియా దేశములో, లెప్టిస్ మాగ్నా యను పాడుపడిన పట్టణ మొకటి కలదు. క్రీస్తుకు పూర్వము 8వ యేట కట్టిన యంగడిశాల యందు నేటికిని నిలిచియున్నదనియు, బేరగాండ్రు మోసపోకుండ కొలతగీతలు చెక్కిన రాయి కూడ నందున్నదనియు, ఎడారి యిసుక వందలయేండ్లు కప్పియుండుటచేతనే యవి చెడక మిగిలినవనియు, మావారు బడిపిల్లల చరిత్రపాఠమునకై చదువుచు నాకు వినిపించిరి. పాడుపట్టణము, అంగడి, ఎడారి మూడును చూడవలెనన్న సముద్రము దాటవలెను గాబోలునని నే ననగా, "అంత దూరమేల? కుప్పములో రైలెక్కిన చాలును" అనిరి. వేసవి సెలవుల కడపటి వారమున, జ్యేష్ఠమాసపు టెండలో, ఆ మాట నిజమో కాదో చూడ బయలుదేఱితిమి.

కుప్పమునుండి బెంగుళూరు చేరి, రాత్రి హంపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, గుంతకల్లు మీదుగా తెల్లవాఱిన పిమ్మట బళ్లారిలో దిగితిమి. అచ్చటినుండి బస్సున అనంతపురము జిల్లా బొమ్మనహాళ్ ప్రాంతమునకు బోయితిమి. సోదరీమణులారా, మాది రామకుప్పము. మా పాలారు ఏటిలో పెక్కునెలలు నీటికి బదులిసుకయే యుండును గనుక ఇసుక నాకు క్రొత్త గాదు. కాని యేటిలో పడియుండు నిసుక వేఱు. ఏరు విడిచి పొలముల వెంబడి నడచివచ్చు నిసుక వేఱు.

బొమ్మనహాళ్ చుట్టుపట్ల నంతయు నల్లరేగడి. తుంగభద్ర యెగువకాలువ పాఱినచోట వరిమడులు, మిరపతోటలు కన్నులకు చల్లగా నుండును. ఆ పచ్చదనమును చూచుచు దర్గా హొన్నూరు దిక్కునకు బోవుచుండగా, బాట ప్రక్కనే లేతపసుపు వన్నె దిబ్బ యొకటి లేచెను. దాని వెనుక నింకొకటి. జల్లెడపట్టిన రవ్వవంటి యిసుక. గాలి గీసిన సన్నని యలలు. అక్కడక్కడ ఈతచెట్లు, సర్కారు తుమ్మ. చెప్పులు విడిచి నాలుగడుగులు వేసితిని గాని, పదిగంటల వేళకే యరికాళ్లు చుఱ్ఱుమనెను.

దీనిని చూచి యిది మరుభూమి యనుకొనరాదు. వానలు తక్కువయగుటలో మన దేశమున జైసల్మేరు తరువాత అనంతపురమే యని వాడుక. అయినను ఈ జిల్లాలో ఏటికి రమారమి 550 మిల్లీమీటర్ల వాన పడును. జైసల్మేరులో అందు సగమైనను పడదు. ఇది వాన లేమి చేసిన యెడారి కాదు, ఏరును గాలియు గూడి చేసిన యెడారి. కన్నడదేశమున బుట్టివచ్చు వేదవతిని ఇక్కడ హగరి యందురు. రామాయణములోని వేదవతి రావణుని తాకిడికి రోసి యగ్ని జొచ్చినది. ఈ వేదవతి మాత్రము ఏటేట ఎండలో జొచ్చుచున్నది. ఎగువను 1907లో వాణీవిలాస సాగరమును, మన సీమలో 1961లో భైరవానితిప్ప ఆనకట్టయు కట్టబడినవి. ఇసుకదిబ్బలు అంతకు మునుపే యున్నవి గాని, ఏరు పాఱుట యరుదైనపుడు గాలికి మఱింత చోటు దొరకును గదా! జ్యేష్ఠాషాఢములలో పడమటిగాలి వీచి, ఎండిన యేటి గర్భమునుండి యిసుకను లేపి, గట్టుమీది చేలలో వేయును. వేసినదానిని మఱునాడింకొక బారెడు ముందునకు దోయును.

ఒక యింటి యరుగుమీద నీరడిగితిమి. ఇంటి అవ్వ చెంబుతో నీళ్లిచ్చి, చెంబుమీది మూకుడును వెంటనే మరల కడవమీద బోరలించెను. ఆ యింట మూత లేని పాత్ర యొక్కటియు గానరాలేదు. సంగటి గెలుకునప్పుడు తలుపు మూయవలెనట. పిండి రెండుమాఱులు జల్లించవలెనట. ప్రొద్దున లేచి ఊడ్చిన, గాలిదినములలో తట్టెడిసుక యిల్లు వెడలునట. పొలమేదని యడిగితిని. చేయి చాచి దిబ్బను జూపెను.

"అదో, దాని కిందుండాది మూడెకరాలు. నా పెండ్లి నాటికి శెనిక్కాయ పండిన చేను. గెనిమ రాయి కూడా అగుపడదు."

"మరి యెన్నటికైనను తేలునా అవ్వా?"

"ఇసుక కదిలితే తేలుతాది తల్లీ. అది కదిలితే పక్కోళ్ల చేను మునగాల. ఏమని మొక్కుకుందును దేవునికి?"

నేనేమియు పలుకలేకపోతిని. ఆమె మాత్రము మా పిల్లవానికి బెల్లపుముక్క పెట్టి, మీ యూరిలో వానలెట్లున్నవని యడిగెను.

ఆ సాయంకాలము కాలువగట్టు మీద నిలిచితిమి. ఇటు వరి, అటు ఇసుక. ఈ నీరు హొసపేటయొద్ద 1953లో ముగిసిన తుంగభద్ర యానకట్టనుండి వచ్చుచున్నది; కణేకల్లు చెరువు కూడ దీనితోనే నిండును. నీరు వచ్చిన త్రోవనే మఱునాడు ఎదురుపోయి హొసపేట చేరితిమి. ఉగ్గానియు మిరపకాయ బజ్జియు తిని హంపీ బస్సెక్కితిమి. ఆ బజ్జి కారమును గూర్చి వ్రాయుటకు వేఱొక వ్యాసము గావలెను.

చిన్ననాట మా నాయనగారు ఆముక్తమాల్యదను ఒడిలో గూర్చుండబెట్టుకొని చెప్పిరి. శ్రీనాథుడు డిండిమభట్టును గెలిచి కనకాభిషేకము పొందినది ఇచ్చటి ప్రౌఢదేవరాయల సభలోనే యని ప్రతీతి. కావున విజయనగరమన్న నా మనసున కవులే మెదలుదురు. చూచినమీదట నాకు మిక్కిలి తోచినది మాత్రము కాలువయును అంగడియును. ఎటు జూచినను గుండ్రాళ్లగుట్టలు, నీడ లేదు. ఆ రాళ్లనడుమ రాజుల నాటి తుర్తుకాలువ నేటికిని పాఱి అరటితోటలను పెంచుచున్నది. కోటలు కూలినవి, కాలువ కూలలేదు.

ఇక అంగళ్లు. ఇచ్చట పెద్దగుడి యున్నచోట నెల్ల దాని యెదుట తిన్నని వీధియు, వీధికిరువైపుల రాతికంబముల అంగడి వరుసలును గలవు. 1443లో వచ్చిన పారసీకదూత అబ్దుర్ రజాకు, ఇచ్చటివారు గులాబీలు లేక బ్రదుకజాలరనియు, రత్నములను బహిరంగముగా నమ్ముదురనియు వ్రాసెను. 1520 ప్రాంతమున చూచిన పోర్చుగీసువాడు డొమింగో పేస్ ఈ నగరమును రోముతో సరితూచెను. కృష్ణాలయమును కృష్ణదేవరాయలు ఉదయగిరి విజయమునకు గుఱుతుగా నెత్తించెను. 1515 నాటి శాసనము గలదు. ఉదయగిరినుండి తెచ్చిన బాలకృష్ణుడు నేడు చెన్నపట్టణపు మ్యూజియములో నున్నాడు, గుడి ఖాళీ. విఠలాలయపు వీధి కిలోమీటరునకు దగ్గఱగా నుండును. అందు కుదురెగొంబె మంటపమని యొకటి కలదు, అనగా గుఱ్ఱపుబొమ్మల మంటపము. సముద్రముమీద వచ్చిన అరబ్బీ గుఱ్ఱముల బేరము ఇచ్చట జరిగెడిదని చెప్పుదురు. 1565 జనవరిలో రాక్షసతంగడి యుద్ధము ముగిసినపిమ్మట ఈ యంగళ్లన్నియు వట్టివయ్యెను.

అన్నియు ననరాదు. విరూపాక్షుని గుడి యెదుటి వీధి, ముప్పాతిక కిలోమీటరు పొడుగునది, తూర్పున పెద్ద నందివఱకు సాగును. పూజలు నిలువని ఆ గుడియొద్దకు జనులు మరలివచ్చిరి. రాతికంబముల నడుమ గోడలు లేపి, కాపురములుండి, పూలు, టెంకాయలు, ఇడ్లీలు, ఇత్తడిసామాను అమ్ముకొనిరి. హంపీ 1986లో ప్రపంచవారసత్వపు పట్టికలో చేరెను. 1999 మొదలు 2006 వఱకు అపాయమున నున్నవాని పట్టికలోను ఉండెను. తుదకు 2011 జూలైలో అధికారులు ఈ వీధిలోని యిండ్లను దుకాణములను కూల్పించిరి. మూడువందల కుటుంబములకు పైగా వెడలవలసివచ్చెను. వారికి నాలుగు కిలోమీటర్ల దూరమున కడ్డిరాంపురములో స్థలములు చూపిరి.

కంబములకు మేకులు కొట్టుట, పొగతో పైకప్పు నల్లబడజేయుట, సిమెంటుగోడ లెత్తుట నాకును సమ్మతము గాదు. రాళ్లకు విడుదల కావలసినదే. కాని గుడి వెలుపల గంపలో కీరకాయలు, కుంకుమపొట్లములు పెట్టుకొని కూర్చున్న యొక యామె మాట వినినపిమ్మట నా మనసు తేలికపడలేదు. ఆమెకు తెలుగు బాగుగనే వచ్చును.

"ఇల్లూ అంగడీ ఒకటే అక్కా అప్పుడు. బిడ్డను వుయ్యాల్లో వేసి బేరం చేస్తాంటి. పొయ్యి మీద అన్నం వుడుకుతాంటే పువ్వులు కడతాంటి. ఇప్పుడు పొద్దున్నే గంపెత్తుకొని రావల్ల, చీకటి పడకముందే పోవల్ల. చిన్నపిల్లలుండే మా చెల్లెలు మానుకున్యాది."

పురుషునకు నాలుగు కిలోమీటర్లు నాలుగు కిలోమీటర్లే. స్త్రీకి ఆ దూరములో వంట యున్నది, పాలబిడ్డ యున్నది, ముసలి యత్తగారున్నారు. ఇల్లు అంగడి వెనుకనే యున్నంతకాలము ఆమె వర్తకురాలు. ఇల్లు దూరమైననాడు చాలమంది యింటికే పరిమితమగుదురు. స్థలములు పంచునపుడు ఈ లెక్క నెవరైన వేసిరా యని మావారి నడిగితిని, వారు మాటాడలేదు. పొయ్యిలు, గోడలు నిషేధించి, పగటిపూట గంపలకును బల్లలకును కంబముల నీడలో చోటిచ్చియుండిన బాగుండెడిది గదా యని నాకు తోచుచున్నది. గులాబీలమ్మిన వీధిలో గులాబీలమ్మువారుండరాదన్న నియమము నాకు బోధపడలేదు.

"రాయి మిగలాలంటే మేం పోవల్లంట," అని యామె నవ్వుచు కీరకాయను చీల్చి ఉప్పుకారము చల్లి పిల్లవానికిచ్చెను. వెల యడిగిన, చిన్నవానికి వెలయేమి యనెను. మేము రెండు కుంకుమపొట్లములు, డజను కీరకాయలు కొంటిమి.

చూడగోరు సోదరీమణులు మావలె వేసవిలో పోక, కార్తీకము మొదలు మాఘము లోపల పోవుట మేలు. నీటిసీసాయు తలకు గుడ్డయు తప్పనిసరి. బొమ్మనహాళ్ ఇసుకకు వేకువనే పోవలయును. గాలి లేచినపిమ్మట కన్ను తెఱువరాదు. హంపీకి ఇంకొకమాఱు పోవలెనని మాకు కోరిక. చైత్రమాసమున విరూపాక్షుని రథము ఆ వీధివెంట కదలుననియు, అప్పుడు ఊళ్లనుండి వచ్చిన జనముతో ఆ చివఱనుండి ఈ చివఱవఱకు అంగళ్లు నిండుననియు ఆ కీరకాయలామె చెప్పినది. చెల్లెలిని కూడ ఆనాడు వెంటబెట్టుకొని వచ్చునట.