ఆదవాని దారిలో మొరాయించిన బండి

కర్నూలునుండి పడమరగా కోడుమూరు, గోనెగండ్ల దాటి ఎమ్మిగనూరునకును, అచ్చటినుండి ఆదవానికిని పోవు దారి చూచుటకు మిక్కిలి సులువైనది. పెద్ద కనుమలు లేవు. నల్లరేగడి నేల కనుచూపు మేర పరచుకొని యుండును. పుష్యమాసమున ఆ నేలలో శనగచేలు పచ్చగా నుండును. ప్రత్తిచేలలో కడపటి తీతలు జరుగుచుండును. తీయువారిలో స్త్రీలే హెచ్చు. ఒడిలో ప్రత్తి నింపుకొని, ఎండకు తలపై కొంగు కప్పుకొని, వంగిన నడుము ఎత్తక సాలు వెంబడి సాలు సాగిపోవుదురు. ఆ ప్రత్తియే లారీల కెక్కి, మూరెడు ఎత్తు పైకి పొంగి, దారి సగము ఆక్రమించుకొని ఆదవాని మార్కెట్టునకు నెమ్మదిగా పోవుచుండును. దాని వెనుక మన బండి ఆగుచు, కదలుచు, మరల ఆగుచు పోవలెను. క్లచ్చి సరిగా లేని పాత కారునకు కొండ అక్కర లేదు. ఈ ప్రత్తిలారీ వెనుక ఒక్క గడియ నడచిన చాలును.

మేము పోయినది పాతికేండ్లనాటి చిన్న కారులో. నడిపినది మా వదినగారు. ఆమె పదియేండ్లుగా బండి నడుపుచున్నారు. అయినను మూడేండ్లలో రెండుమారులు క్లచ్చి ప్లేటు మార్పింపవలసి వచ్చెను. మొదటిమారు మార్చిన కార్ఖానాలో ఒకడు, “ఆడవాళ్ళు నడిపే బండి కదండీ, క్లచ్చి మీద కాలు పెట్టేసి ఉంటారు” అని నవ్వెనట. ఆ మాట మా అన్నగారి చెవిని పడి అచ్చటనే నిలిచిపోయినది. ఇంకొకమారు చెడినచో బండి నమ్మివేయుదమని వారు నిశ్చయించిరి. వదినగారు మారు పలుకలేదు. పిల్లలను బడికి దింపుట, తల్లిని వైద్యునియొద్దకు గొనిపోవుట, ఎవరి తీరికకును కాచుకొనక గడప దాటుట, ఇవన్నియు ఆమెకు ఆ బండితోనే ముడివడి యున్నవి.

క్లచ్చి యనగా నేమో తెలియని సోదరీమణులకు ఒక్కమాట. రెండు అరచేతుల నడుమ ఒక అప్పడమును గట్టిగా నొక్కి చేతులు త్రిప్పినచో అప్పడమును వెంట తిరుగును. చేతులు వదలు చేసినచో అది నిలిచిపోవును. ఇంజను వెనుక తిరుగు ఇనుపచక్రము ఒక అరచేయి. దానికెదురుగా స్ప్రింగు బలముతో నొక్కుచుండు ప్రెషరు ప్లేటు రెండవది. నడుమ నున్న క్లచ్చి ప్లేటే అప్పడము. అది తిరిగిననే గేర్లకును, చక్రములకును బలము పోవును. మనము కాలితో తొక్కినప్పుడు ఆ పట్టు వదలును. కాలు తీసినప్పుడు మరల బిగియును. గేరు మార్చు నా ఒక్క క్షణమునకే ఈ ఏర్పాటంతయు.

ఇది రెండు విధముల చెడును. తొక్కినను పట్టు వదలకున్నచో గేరు పడదు. కరకరమని రాపిడి వినబడును. ఇది తరచుగా కేబులు సాగుటచేతనో, తెగుటకు సిద్ధమగుటచేతనో కలుగును, చిన్నపని. కాలు తీసినను పట్టు బిగియకున్నచో ఇంజను గొంతు పెరుగునే కాని బండి వేగము పెరుగదు. కాలిన వాసన వేయును. దీనిని జారుట యందురు. మా బండిది ఈ రెండవ జబ్బు.

ఎమ్మిగనూరున నీలకంఠేశ్వరస్వామి జాతర రోజులవి. రథోత్సవమునకు చుట్టుప్రక్కల పల్లెలేకాక కన్నడదేశమునుండియు జనము వచ్చెదరు. ఆ సందడిలో ఊరు దాటుట కొక గంట పట్టినది. బజారు కడపట వదినగారు ముఖము చిట్లించి, “వాసన వచ్చుచున్నదా?” అని యడిగిరి. వచ్చుచునే యున్నది. ఆమె బండిని ప్రక్కకు తీసి, చేతిబ్రేకు గట్టిగా లాగి, మూడవ గేరు వేసి, మెల్లగా కాలు తీసిరి. క్లచ్చి బాగున్నచో ఇంజను వెంటనే ఉక్కిరిబిక్కిరియై ఆగిపోవలెను. అది ఆగలేదు, ఏమియు ఎరుగనట్లు తిరుగుచునే యుండెను. ఈ పరీక్షను ఒక్కమారు, క్షణకాలము మాత్రమే చేయవలెను. పదేపదే చేసిన మిగిలినదియు కాలిపోవును.

అరగంట నీడను నిలిపి చల్లార్చితిమి. ఆదవాని ఇంకను ఏడెనిమిది క్రోసులు. జారు క్లచ్చితో యాక్సిలేటరు నొక్కినకొలది జారుటయే హెచ్చును గాని దారి సాగదు. వదినగారు దానికి తగినట్లు, నిండుకుండ నెత్తిని పెట్టుకొని నడచునట్లు, ఎచ్చటను తొందరపడక, లారీలకు దారి విడిచి, బండిని ఆదవానికి చేర్చిరి. ఆమె కాలికి నేర్పు లేదన్నవారు ఆ ప్రయాణమును చూచి యుండవలసినది.

ఆదవాని పేరు ఇప్పుడు ఆదోనిగా వ్రాయబడుచున్నది. గుండ్రాళ్ళు పేర్చినట్లుండు కొండలమీద కోట. దాని క్రింద ఊరు. విజయనగరపు రాజుల తరువాత బిజాపురపు సుల్తానులు దీని నేలిరి. వారి అధికారి సిద్దీ మసూదుఖాను కట్టించిన జామియా మసీదు నేటికిని చూడదగినది. నిజాము తమ్ముడగు బసాలతుజంగు ఇచ్చటనుండి పాలించెను. 1786లో టిప్పుసుల్తాను దీనిని ముట్టడించి పట్టుకొనెను. 1800లో దత్తమండలములతో పాటు ఇంగ్లీషువారికి చిక్కినది. మదరాసు, బొంబాయి రైలుదారులు 1871లో రాయచూరు వద్ద కలియుటతో ఈ ప్రాంతపు ప్రత్తికి రెండు తీరములకును త్రోవ యేర్పడినది. 1953 వరకు ఇది బళ్ళారి జిల్లాలోనిది. ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు బళ్ళారి మైసూరునకు పోగా, ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు మనకు మిగిలినవి. అందుచేతనే ఇచ్చటి బజారులో తెలుగు, కన్నడము, ఉర్దూ ఒకే బేరములో కలిసి వినబడును. మాకది మిక్కిలి యింపుగా నుండెను.

బంధువులు చూపిన మెకానిక్కు నడివయసు సాయెబు. చిన్న కొట్టు, చింతచెట్టు నీడయే పని చేయు చోటు. ఆయన మొదట ప్లేటు మాట ఎత్తలేదు. బండి క్రింద దూరి, ఇంజనును గేరుబాక్సును కలియు చోట వ్రేలు పెట్టి చూచి, ఆ వ్రేలిని వాసన చూచెను. గేరు నూనె చిక్కగా, గంధకపు కంపు కొట్టుచుండును. ఇంజను నూనె పలుచనగా, నల్లగా నుండునట. ఇది ఇంజను నూనెయే. మరునాటి మధ్యాహ్నమునకు గేరుబాక్సు దింపి ప్లేటును బయటికి తీసి వదినగారి చేతిలో పెట్టెను.

“అమ్మా, ఈ ప్లేటు అరగలేదు సూడండి. కాలు పెట్టి నడిపినోళ్ళ ప్లేటైతే రివిట్ల దాకా అరిగిపోతాది. ఇది నూనె తాగింది, అందుకే జారింది. ఎనక సీలు కారతాండాది. సీలు మార్చకుండా ప్లేటు మారిస్తే ఏం లాభం? మీ కాలు తప్పేం లేదు.”

వదినగారు చాలసేపు ఆ ప్లేటును అటునిటు త్రిప్పి చూచుచుండిరి. నల్లగా, నున్నగా, అద్దమువలె మెరయుచున్నది. మందము మాత్రము కొత్తదానికంటె ఏమంత తగ్గలేదు. అరచేతులకు నూనె యంటినచో అప్పడము జారదా? ఇంజను వెనుకప్రక్క ఇరుసు చుట్టును రబ్బరు సీలు ఒకటి యుండును. ఏండ్లు గడచి, వేడికి గట్టిపడి, అది పెళుసగును. బొట్టుబొట్టుగా నూనె చక్రముపై పడును. ఎన్ని కొత్త ప్లేట్లు వేసినను కొన్నాళ్ళకు అదే గతి. సీలు వెల వందలలోనిది; గేరుబాక్సు దింపి ఎక్కించు కూలియే ఎక్కువ. దింపిన తరువాత సీలు మార్చకుండుట కుండకు చిల్లి పూడ్చక నీరు పోయుటవంటిది. నూనె త్రాగిన ప్లేటును పెట్రోలుతో కడిగి మరల వేయుమని కొందరు చెప్పుదురు. సాయెబు అది పనికిరాదనెను. ఎంత కడిగినను వేడెక్కగానే లోని నూనె పైకి ఊరునట.

కాలు పెట్టి నడుపు అలవాటు లోకమున లేదని మేమనము. ఉన్నది, పురుషులలోను ఉన్నది. బండి ఆగియున్నప్పుడు క్లచ్చి తొక్కిపట్టక గేరు తీసివేయుట, ఎక్కుడున చేతిబ్రేకుతో నిలుపుట ఎవరికైనను మేలే. కాని తీసిన ప్లేటును చూడక డబ్బు చెల్లింపరాదు. అరిగినదా, కాలినదా, తడిసినదా అని చూచుటకు పెద్ద విద్య అక్కర లేదు. బియ్యము ఉడికినదో లేదో చూచు కన్ను చాలును.

తిరుగుప్రయాణమున ఎమ్మిగనూరులో ఆగితిమి. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన నేతపనివారల సహకార సంఘము ఈ ఊరికి పేరు తెచ్చినది. వారికి 1954లో పద్మశ్రీ బిరుదు లభించినది. కరవు నేలలో కూలికి వలసపోవలసిన నేతగాండ్రకు నూలును, పనిని ఇండ్లవద్దకే చేర్చిన సంఘమది. ఒక యింట గుంటమగ్గము ఆడుచుండగా లోనికి పోయితిమి. నేయువారి పాదములు గుంటలో కనబడక యుండును, వింటేనే తెలియును. దుప్పటి కొనుచు వదినగారు, మగ్గము తప్పు నేసిన ఎవరి నందురని నవ్వుచు అడిగిరి. ఆ యింటి అవ్వ, “ముందు పోగు సూస్తాము, ఆనెక పలక సూస్తాము. కాలినంటే ఎట్ల?” అనెను.

కర్నూలు వరకు వదినగారే నడిపిరి. ప్రత్తిలారీల వెనుక ఆగినప్పుడెల్ల మేము ముక్కుతో వాసన వెదకుచునే యుంటిమి, ఏమియు రాలేదు. పాత ప్లేటు గోనెగుడ్డలో చుట్టబడి వెనుక సీటు క్రింద, దుప్పటి ప్రక్కన ఉన్నది. దానిని అన్నగారి బల్లపై పెట్టవలెనని వదినగారు కోడుమూరు దాటక మునుపే నిశ్చయించుకొనిరి.