రాతి మీద ఎండ

సెలవు వస్తే కొందరు సినిమాకు పోతారు, కొందరు చుట్టాలింటికి పోతారు. నేను బందరులో డచ్చివారి సమాధుల దగ్గరికి పోతాను. కెమేరా భుజాన వేసుకుని తెల్లవారుతూనే బయలుదేరుతుంటే మా ఆవిడ, "తిరిగొచ్చాక దొడ్లో స్నానం చేసిగాని లోపలికి రాకండి" అంటుంది. ఆచారానికి నేనెప్పుడూ ఎదురు చెప్పను.

తెల్లవారుతూనే ఎందుకంటారా? నల్లరాతి మీది అక్షరం మిట్టమధ్యాహ్నం కనిపించదు. ఎండ నెత్తి మీదినుంచి పడితే పలకంతా ఒకటే మచ్చ. పొద్దు ఏటవాలుగా ఉన్నప్పుడు ప్రతి గీతకూ ఓ పక్కన నీడ నిలుస్తుంది. చెక్కిన డాలూ, చుట్టూ అల్లిన లతలూ రాతిలోంచి లేచి వస్తున్నట్లుంటాయి. చెట్టు అడ్డం వచ్చినచోట చిన్న అద్దం పట్టి, పక్కనుంచి వెలుతురు తోస్తాను. కొందరు అక్షరాలకు సుద్ద పూస్తారు. అది నాకు బొత్తిగా గిట్టదు. 300 ఏళ్లు దాటిన రాతిని ఒక్క ఫోటో కోసం గోకడం ఏం మర్యాద?

డచ్చివారు బందరులో 1605లో దిగారు. మన నేత బట్టల కోసం వచ్చినవారు. ఇండియాలోని తమ స్థావరాలను 1824 ఒడంబడికతో ఇంగ్లీషువారికి వదిలేశారు. ఊళ్లో వలందపాలెం అనే పేరు మాత్రం మిగిలింది. హాలెండు మన నోట పడి ‘వలందా’ అయింది. ఫ్రెంచివారికి ఫరాసుపేట, ఇంగ్లీషువారికి ఇంగ్లీషుపాలెం ఉండనే ఉన్నాయి. తెలుగు పంతుల్ని గనుక సమాధి పక్కన కూర్చుని కూడా వ్యుత్పత్తులు వెతుక్కుంటాను.

డచ్చి భాష నాకు రాదు. ఏళ్లు, నెలలు, రోజులు అనే మూడు మాటలు మాత్రం పట్టుబడ్డాయి. పోయినవారి వయస్సును రోజులతో సహా చెక్కించడం వారిలో ఉండేది. ఏళ్లంటే సరే, రోజులు ఎవరికి కావాలి?

ఈ మాటే ఒక రాత్రి ఇంట్లో అన్నాను. మా అమ్మ వత్తులు చేసుకుంటున్నది. తల ఎత్తకుండానే, "మీ నాన్నకు ముప్ఫై నాలుగేళ్ల రెండు నెలల పదకొండు రోజులురా" అన్నది.

మాది దివిసీమ. నాన్నగారు పోయేనాటికి నాకు మూడేళ్లు. మాలో సమాధి కట్టడం లేదు గదా! అస్థికలు పెదకళ్లేపల్లి రేవులో కృష్ణలో కలిపారు. వారి పెళ్లినాటి ఫోటో ఒక్కటి ఉండేదట. అది అంతకుముందే, 1977 నవంబరు ఉప్పెనలో, ఇంటితోపాటు పోయింది. మనుషులే వేలకొద్దీ పోయిన ఉప్పెన అది. ఫోటో పోయిందని ఎవరు ఏడుస్తారు? ఆయన మొహం ఎలా ఉండేదో నాకు తెలియదు. అమ్మను అడిగితే, "నీలాగే" అని ఊరుకుంటుంది.

ఆ రాత్రి బందరు ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూపించమన్నది. అక్షరాల మీద వేలు పెట్టి, "ఇది పేరా? ఇది వయస్సా?" అని అడిగింది. చివరికి, "ఈసారి కళ్లేపల్లి వెళితే ఆ రేవును కూడా ఒకటి తియ్యి నాయనా" అన్నది.

తరవాతి ఆదివారం పొద్దున్నే వెళ్లి తీశాను. మెట్లూ, వాటి మీద కొంచెం ఎండా, అవతలంతా నీళ్లూ. అంతకన్నా అందులో ఏమీ లేదు. అమ్మ దాన్ని పటం కట్టించమన్నది. ఎక్కడ పెడతావమ్మా అంటే, తన మంచానికి ఎదురుగా మేకు కొట్టమన్నది.