నిలబడటం నేర్చిన గుర్రం

ధవళేశ్వరం నుంచి బయలుదేరి కోనసీమ లంకల దాకా వెళితే దారి పొడవునా, గోదావరి మీద ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కనిపిస్తూనే ఉంటారు. కాలువ లాకుల దగ్గర, పంచాయతీ ఆఫీసుల ముందు, నాలుగు రోడ్ల కూడళ్లలో. కొన్నిచోట్ల విగ్రహం ఛాతీ వరకే ఉంటుంది. కొన్నిచోట్ల నిండుగా, గుర్రం మీద. ఏటా మే 15న, ఆయన పుట్టినరోజున, రైతులు దండలు వేస్తారు. ఇంగ్లీషువాడికి ఇంత ప్రేమగా దండ వేసే నేల దేశంలో ఇంకోచోట ఉందో లేదో గాని, ఇక్కడ ఆ ప్రేమ నిజమైనది. పేచీ అంతా గుర్రంతోనే.

ఈ విగ్రహాల్లో కొన్నింటిలో గుర్రం ముందుకాలు గాల్లోకి లేస్తుంది. మెడ విల్లులా వంగుతుంది, జూలు ఎగురుతుంది. యుద్ధానికి పోతున్న రాజు కింద ఉండాల్సిన గుర్రం అది. కాలు ఎత్తితే రౌతు యుద్ధంలో గాయపడినట్టు, రెండు కాళ్లూ ఎత్తితే యుద్ధంలోనే పోయినట్టు అనే ఒక లెక్క కూడా లోకంలో ప్రచారంలో ఉంది. ప్రపంచంలోని ప్రసిద్ధ విగ్రహాలను వరసగా పరీక్షిస్తే ఆ లెక్క నిలవదు. శిల్పులెవరూ అలాంటి నియమం పెట్టుకోలేదు. కాటన్ అయితే 96 ఏళ్లు బతికి, 1899లో ఇంగ్లండులో పోయారు. ఆయన గుర్రం మీద చేసిన పని కత్తి తిప్పడం కాదు, నేల కొలవడం.

నేల కొలిచేవాడికి ఎలాంటి గుర్రం కావాలో కాసేపు ఆలోచించాలి. 1833 నాటి కరువు, 1839 నాటి ఉప్పెన తర్వాత గోదావరి జిల్లా బక్కచిక్కిపోయింది. 1844లో కాటన్ నదినీ డెల్టానూ చూసి నివేదికలు రాయడం మొదలుపెట్టారు. గుర్రం మీద గట్లూ లంకలూ తిరిగి చూశారని ఈ జిల్లాల్లో తాతల నాటి నుంచి చెప్పుకుంటారు. ఆ పనిలో మనిషి రోజుకు ఎన్నోసార్లు దిగాలి, ఎన్నోసార్లు ఎక్కాలి. దిగినప్పుడు గుర్రం ఎక్కడ వదిలితే అక్కడే ఉండాలి. గొలుసు పట్టుకున్న కూలీలు అటూ ఇటూ పరుగెత్తుతుంటే బెదరకూడదు. రెల్లుగడ్డిలోంచి కొంగ లేస్తే ఉలిక్కిపడి రౌతును కాలవలో పడేయకూడదు. మోకాలి లోతు నీళ్లలోకి దింపితే, అడుగు కనపడకపోయినా, మీదున్నవాడి మాట మీద దిగాలి. ఇలాంటి గుర్రానికి ఎవరైనా విగ్రహం కడితే నాలుగు కాళ్లూ నేల మీదే ఉండాలి.

గుర్రమంటే పరుగు అని అందరికీ సినిమాలు నేర్పాయి. గుర్రాలను పెంచి, నేర్పినవాళ్లను అడిగితే వేరే మాట చెబుతారు. ముందు నేర్పాల్సింది నిలబడటం. అదే అన్నిటికన్నా కష్టం కూడా.

ఎందుకంటే గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. పులి వచ్చినప్పుడు దానికున్న ఒక్క ఆయుధం పారిపోవడం. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. ఒళ్లు కదపకుండానే దాదాపు చుట్టూరా చూడగలదు. నుదుటికి సరిగ్గా ముందు కొంచెం, తోక వెనకాల కొంచెం మాత్రం కనపడదు. అందుకే తెలిసినవాళ్లు గుర్రం దగ్గరికి ఎదురుగానో వెనకనుంచో పోరు. భుజం వైపునుంచి, మాట వినిపిస్తూ వెళతారు. చెవులు ఒక్కొక్కటీ విడివిడిగా తిరుగుతాయి. ఒక చెవి రౌతు వైపు, ఒకటి రోడ్డు వైపు. కాళ్ల కీళ్లు బిగుసుకునే ఏర్పాటు ఉంది కాబట్టి నిలబడే కునుకు తీస్తుంది. గాఢనిద్ర కావాలంటే మాత్రం పడుకోక తప్పదు, అదీ చుట్టూ భయమేమీ లేదనిపిస్తేనే. సాలలో గుర్రం కాళ్లు చాపి పడుకుందంటే ఆ ఇంటివాళ్లకు అది ఇచ్చిన యోగ్యతాపత్రం.

అలాంటి జంతువు వీపు మీద, సరిగ్గా పులి దూకే చోట, మనిషి ఎక్కి కూర్చుంటాడు. దాన్ని ఒప్పించడమే మొత్తం విద్య.

ఒప్పించడం నేల మీదే మొదలవుతుంది. ముందు తలకు తాడు పట్టీ. తర్వాత పక్కన నడవడం, ఆగమంటే ఆగడం, వెనక్కి రెండు అడుగులు వేయడం. మెడ, వీపు, పొట్ట, చివరికి గిట్టలు చేతికి ఇవ్వడం. గిట్ట ఇచ్చిందంటే పారిపోయే అవకాశాన్ని మనిషి చేతిలో పెట్టిందన్నమాట, అందుకే అది చిన్న విషయం కాదు. ఆ తర్వాత పొడవాటి తాడుతో చుట్టూ తిప్పడం, వీపు మీద గుడ్డ, గుడ్డ మీద జీను, ఖాళీ జీనుతోనే కొన్నాళ్లు. మనిషి బరువు అన్నిటికన్నా చివర. వెన్నెముక ఎముకలు పూర్తిగా ముదరడానికి అయిదారేళ్లు పడుతుంది. అందుకే ఓపికున్నవాళ్లు మూడేళ్లు దాటితే గాని ఎక్కరు, ఎక్కినా ఎక్కువసేపు కూర్చోరు. పందేల లోకం రెండేళ్లకే ఎక్కిస్తుంది. దాని ఫలితం కాళ్లలో కనపడుతుంది.

ఇందులో కిటుకు ఒక్కటే, అది వదిలే క్షణంలో ఉంది. కాలితో పక్కటెముకలకు కాస్త తాకిస్తే గుర్రం ఒక అడుగు వేస్తుంది. ఆ అడుగు పడ్డ క్షణంలోనే కాలు సడలాలి. పగ్గం బిగిస్తే ఆగుతుంది, ఆగగానే పగ్గం వదులవ్వాలి. గుర్రం నేర్చుకునేది ఆ సడలింపు నుంచి. ఆగిన తర్వాత కూడా లాగుతూనే ఉంటే ఆగినా లాభం లేదని నేర్చుకుంటుంది. అప్పుడు రౌతు ఇంకా గట్టిగా లాగుతాడు. నోరు మొద్దుబారుతుంది. ఇంకా పదునైన కళ్లెం వేస్తారు. మొండి గుర్రమని పేరు పెట్టిన చాలా గుర్రాల చరిత్ర ఇంతే.

క్రీస్తుకు ముందు నాలుగో శతాబ్దంలోనే గ్రీకు సేనాని జెనొఫోన్ గుర్రపు స్వారీ మీద ఒక పుస్తకం రాశాడు. కోపంగా ఉన్నప్పుడు గుర్రం జోలికి పోవద్దన్నాడు. బలవంతం చేసి రాబట్టిన పనిలో తెలివిడి ఉండదన్నాడు. యుద్ధంలో బతుకు గుర్రం మీద ఆధారపడ్డవాడు చెప్పిన మాట కాబట్టి దాన్ని మెత్తదనమని కొట్టేయడానికి లేదు. 1993లో ఇద్దరు పరిశోధకులు, క్లౌడియా ఫే, జాన్ ద మజియేర్, ఇంకో సంగతి బయటపెట్టారు. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గోక్కునే చోటు మెడ కింద, వీపు మొదలయ్యే దగ్గర ఉంటుంది. అక్కడ మనిషి గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుంది. చెంపలు చరిచి మెచ్చుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. చరచడం మనిషికి తృప్తి, గోకడం గుర్రానికి.

ఆ పరిశోధన జరిగింది ఫ్రాన్సులోని కమార్గ్ గుర్రాల మీద. కమార్గ్ కూడా డెల్టాయే, రోన్ నది సముద్రంలో కలిసే చోటు. అక్కడా వరి పండుతుంది, అక్కడా ఉప్పునేలలు, చిత్తడి, కొంగలు. ఆ చిత్తడిలోనే పొట్టి తెల్లగుర్రాలు పుట్టి పెరుగుతాయి. వాటి మీద ఎక్కి పశువులను కాస్తారు. పుట్టినప్పుడు ముదురు రంగులో ఉండి, పెరిగే కొద్దీ తెల్లబడతాయి. గోదావరి డెల్టాలో అలా జరగలేదు. ఇక్కడ బురద దమ్ముకు దున్నపోతు, బండికి ఎద్దు, దూరానికి పడవ. గుర్రపు గిట్ట అడుగున మెత్తని భాగం ఎప్పుడూ తడిలో ఉంటే కుళ్లుతుంది. రోడ్లు గట్టిపడ్డాకే గుర్రం ఇక్కడ ఊరి జంతువయింది, అదీ జట్కాకు కట్టాక.

జట్కా గుర్రాన్ని అందరూ మరిచిపోయారు. రాజమండ్రి, కాకినాడ, ఏలూరు స్టేషన్ల బయట వరసగా నిలబడేవి. పక్కటెముకలు లెక్కపెట్టగలిగేంత బక్క తట్టు గుర్రాలూ ఉండేవి, నిగనిగలాడేవీ ఉండేవి. బండి కింద సంచిలో పచ్చగడ్డి, సాయంత్రానికి ఉలవ గుగ్గిళ్లు. ఆవిరి ఇంజను కూత పెట్టి బుసకొడుతూ వచ్చి ఆగినా ఆ గుర్రం కదిలేది కాదు. పక్కన బస్సు హారన్ కొట్టినా, పిల్లలు తోక లాగినా, నిలబడేది. కళ్లకు గంతలు ఉంటాయి కదా అనొచ్చు. గంతలు వెనక చక్రాన్ని దాచగలవు గాని రైలు కూతను దాచలేవు. ఆ నిలకడ ఏళ్ల తరబడి ఒకే మనిషి, ఒకే గొంతు, ఒకే దారి ఇచ్చినది.

జట్కాలో తూకం ఒక శాస్త్రం. రెండు చక్రాల బండి కాబట్టి వెనక బరువు ఎక్కువైతే బండి నొగలు పైకి లేచి, పొట్ట కింది పట్టీ గుర్రాన్ని ఎత్తేస్తుంది. ముందు ఎక్కువైతే వీపు నలుగుతుంది. "కాస్త ముందుకు జరగండి బాబూ", "అమ్మగారూ, మీరలా వెనక్కి సర్దుకోండి" అని బండి తోలే సాయిబుగారు అందరినీ సర్దేది గుర్రం కోసం. అందరినీ సర్దాక, కొరడా తీయకుండా నాలుకతో చిన్న చప్పుడు చేస్తే బండి కదిలేది. కొట్టేవాళ్లూ ఉండేవారు, లేరని చెప్పడం అబద్ధం. కానీ రోజూ కొట్టి నడిపే గుర్రాన్ని స్టేషను ముందు వదిలి టీ తాగడానికి ఎవరూ పోలేరు. రిక్షా వచ్చింది, ఆటో వచ్చింది, ఆ మనుషులూ ఆ గుర్రాలూ పోయాయి. వాళ్లకు తెలిసిన విద్యను ఎవరూ రాసి పెట్టలేదు. ఈ జిల్లాల నష్టాల పట్టికలో దీన్ని కూడా చేర్చాలి.

మళ్లీ కాటన్ దగ్గరికి. ధవళేశ్వరం దగ్గర గోదావరి అడుగు ఇసుక. ఎంత తవ్వినా ఇసుకే. దాని మీద ఆనకట్ట ఎలా నిలుస్తుంది? కాటన్ అంతకు ముందు కావేరి, కొల్లిడం మీద పనిచేశారు. అక్కడ కరికాల చోళుడి పేరుతో చెప్పుకునే కల్లణై ఆనకట్టను చూశారు. ఇసుకలో పెద్ద రాళ్లు వేస్తే అవి కుంగుతాయి. కుంగినచోట మళ్లీ వేయాలి. గట్టిగా ఆని, ఇక కుంగని రాయి మీద పై వరస పేర్చాలి. లోతు తెలియని ఇసుకలో పునాది వేయడం ఈ దేశపు పాతవాళ్ల దగ్గరే నేర్చుకున్నామని ఆయన దాచుకోకుండా రాశారు. 1847లో మొదలైన పని 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు పాయల మీద నాలుగు కట్టలు. ఆ పనిలో ఆయనకు కుడిభుజం వీణెం వీరన్న. వీరన్న విగ్రహాలు కాటన్ విగ్రహాలంత విరివిగా కనపడవు. కనపడాలి. కూలీల చేత ఆ రాళ్లను మోయించి, వాళ్ల తిండీ తిప్పలూ చూసినవాడు లేకపోతే ఏ నివేదికా ఆనకట్ట కాదు. గుర్రానికి నేర్పడం కూడా ఈ రాళ్ల పేర్పే. నిన్నటి పాఠం కుంగిపోతే ఇవాళ కొత్తది వేయకూడదు, పాతదే మళ్లీ వేయాలి.

గుర్రం ఎక్కిన దేవతకూ ఈ డెల్టాలో కొదవ లేదు. గోదావరి వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే అంతర్వేదిలో అశ్వరూఢాంబిక ఉంది. ఊళ్లో అందరూ గుర్రాలక్క అంటారు. రక్తవిలోచనుడి నెత్తురు బొట్టు నేల మీద పడితే ఇంకో రాక్షసుడు పుడతాడని, ఆ నెత్తురును పట్టిన శక్తి ఆమేనని స్థలపురాణం. నరసింహస్వామి ఆమెకు అన్న. కల్యాణోత్సవంలో రథం ఆమె గుడి దాకా వెళుతుంది, స్వామి తరఫున చెల్లెలికి చీర పెడతారు. వేలమంది లాగే రథం ఆమె దగ్గర ఆగుతుంది.

ఆగడం అంటే గుర్తొచ్చేది 2023 సెప్టెంబరు. చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో డ్రెసాజ్ అనే గుర్రపు స్వారీ జట్టు పోటీలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనుష్ అగర్వాలా మన దేశానికి బంగారు పతకం తెచ్చారు. స్వారీలో మనకు బంగారం రావడం 1982 ఢిల్లీ క్రీడల తర్వాత, 41 ఏళ్లకు. మర్నాడు పేపరు చూసి చాలామంది "ఇంతకీ గుర్రం ఏం చేసింది? పరుగెత్తలేదు, దూకలేదు" అన్నారు. ఆ ఆటలో గుర్రం మైదానంలోకి వచ్చి, నాలుగు కాళ్లూ చతురస్రంగా పెట్టి, కదలకుండా నిలబడాలి. రౌతు పగ్గాలు ఒక చేతిలోకి తీసుకుని నమస్కారం పెడతాడు. దానికీ మార్కులుంటాయి. వేల జనం మధ్య ఆ కొద్ది క్షణాలు నిలబడటానికి ఏళ్లు పడుతుంది. అనుష్ పదిహేడేళ్లకే ఇల్లు వదిలి జర్మనీ వెళ్లి ఆ విద్య నేర్చుకున్నాడు.

ఇక పెళ్లిళ్ల మాట. పల్లకీ, పూల కారు పాతబడి, గోదావరి జిల్లాల ఊరేగింపుల్లోకి ఇప్పుడు గుర్రం వస్తోంది. ముందు డీజే, పక్కన బాణసంచా, ముఖం మీద వీడియో లైటు. అది కాళ్లు మార్చి మార్చి వేస్తుంటే "డాన్సు చేస్తోంది" అని ఈలలు. చెవులు వెనక్కి అంటుకుపోయి, కంటి తెల్లగుడ్డు కనపడుతూ, తోక కొట్టుకుంటుంటే అది డాన్సు కాదు. పారిపోవడానికి దారి లేని జంతువు ఉన్నచోట గెంతుతోంది. దాన్ని కదలకుండా ఆపడానికి ముళ్లున్న కళ్లెం వేసేవాళ్లూ ఉన్నారు. గుర్రం నోట్లో కళ్లెం ఆనేది పళ్లు లేని ఖాళీ చిగురు మీద. అక్కడ ముల్లు తగిలితే ఏమవుతుందో ఊహించడానికి పశువైద్యం చదవక్కర్లేదు.

పెళ్లి పెద్దలకు ఒక విన్నపం. గుర్రం కావాలనుకుంటే బేరం మాట్లాడేటప్పుడే కళ్లెం తీసి చూపించమని అడగండి. నోటి మూలల్లో పుండ్లున్నాయేమో, జీను కింద వీపు ఒలిచిపోయిందేమో చూడండి. డీజే బండిని దానికి దూరంగా పెట్టించండి. టపాసులు గుర్రం వెళ్లిపోయాక కాల్చండి. నీళ్ల బకెట్ ఒకటి పెట్టించండి. ముళ్లున్న కళ్లెం, ముళ్లున్న కర్ర వాడకూడదని బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో కేంద్రం చేసిన నిబంధనల్లో స్పష్టంగా ఉంది. రోజుకు 9 గంటలు మించి పని చేయించకూడదనీ, విశ్రాంతి లేకుండా ఏకబిగిన 5 గంటలు దాటకూడదనీ, 37 డిగ్రీలు దాటిన ఎండలో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పనిలో పెట్టకూడదనీ కూడా అందులోనే ఉంది. ఆ నిబంధనలు ఇప్పటికీ అమల్లోనే ఉన్నాయి.