డోరో లోయలో నేరేడు వగరు

పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో, డోరో నది ఒడ్డున కూర్చుంటే ముందు వచ్చేది విన్యు వెర్దె. అంటే 'పచ్చ వైన్'. తీరా చూస్తే నీళ్లలా ఉంటుంది! పచ్చ అంటే ఇక్కడ లేత అని అర్థం. చల్లగా, సన్నగా చురుక్కుమంటూ నిమ్మసోడాని గుర్తుకుతెస్తుంది. ఎండవేళకి సరే... అంతకుమించి చెప్పుకోవడానికేం లేదు.

అసలు రుచి ఎర్రవైన్‌ది. టూరిగా నాసియొనాల్ అనే నల్లద్రాక్షతో చేస్తారు. నేరేడుపళ్లు తిన్నాక నోరు పట్టేస్తుందే, అచ్చం ఆ వగరే! ఆ ద్రాక్ష పండే చోటు చూడాలంటే రైలెక్కి నది వెంట పైకి వెళ్లాలి. పొరలుగా చీలే రాతికొండలను తొలిచి, గోడలు పేర్చి, మెట్లుమెట్లుగా తోటలు వేశారు. 1756లోనే ఈ ప్రాంతానికి హద్దులు గీశారు. 2001లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది.

పచ్చటి తోటల మధ్య అక్కడక్కడా కొన్ని మెట్లు బోసిగా కనిపిస్తాయి. 19వ శతాబ్దంలో ఫిలోక్సెరా అనే పురుగు వేళ్లను పట్టి తోటలకు తోటలనే చంపేసింది. ఆ మెట్లలో మళ్లీ ఎవరూ తీగ నాటలేదు. తరాల కష్టం... గోడలే మిగిలాయి. ఇప్పుడు కాస్తున్నవి దాదాపు అన్నీ అమెరికా ద్రాక్ష వేళ్లకు అంటు కట్టినవే.

చివరికి పోర్ట్. పులుస్తున్న రసంలో ద్రాక్ష సారా కలిపితే పులియడం ఆగి తీపి మిగిలిపోతుంది. ఆల్కహాల్ 20 శాతం దాకా ఉంటుంది కాబట్టి చిట్టి గ్లాసులోనే ఇస్తారు. పక్క బల్ల దగ్గరి పెద్దాయన దాన్ని అరగంటసేపు తాగాడు.