సోకు కన్నా సుఖం మేలు!

బాపట్ల నుంచి సూర్యలంక సముద్రతీరానికి సుమారు 9 కిలోమీటర్లు. మా అమ్మాయి వదిలివెళ్ళిన రేసింగు సైకిలు మీద ఆ దారిన వెళ్తుంటాను. కానీ నలభై దాటిన నడుముకి దాని సోకు పడదు కదండీ! అందుకే షాపతను స్టెమ్ అనే ముక్కని తిరగేసి బిగించాడు. హ్యాండిలు ఇంచుమించు సీటు ఎత్తుకి వచ్చింది. "పాలబ్బాయి సైకిల్లా ఉందమ్మా!" అని అమ్మాయి ఒకటే నవ్వు. నవ్వనీండి! ఇప్పుడు మెడ పట్టెయ్యడం లేదు, అరచేతులు తిమ్మిరెక్కడం లేదు.

సీటుకీ ఓ లెక్కుంది. పెడలు కిందికొచ్చినప్పుడు దానిమీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా సాగాలి. ఫ్రేములో చోటుంటే 23 మిల్లీమీటర్ల టైర్లు తీయించి 28వి వేయించండి. వాటిలో గాలి కొంచెం తక్కువ కొట్టించినా చాలు, గతుకులు అంతగా తెలియవు.

తలెత్తి సరుగుడు తోటలు చూసుకుంటూ వెళ్ళొచ్చు. వంగి రోడ్డునే చూడ్డానికైతే సముద్రం దాకా ఎందుకు చెప్పండి?