పద్దెనిమిది నిండాక ఎవరు?

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఆపద వస్తే ఎక్కడికి వెళ్లాలో చట్టం చెబుతుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ఉంది, బాలల సంక్షేమ కమిటీ ఉంది, 1098 నంబరు ఉంది. పద్దెనిమిది నిండిన మర్నాడు ఆ తలుపులు చాలావరకు మూసుకుంటాయి. అక్కడి నుంచి పాతికేళ్ల దాకా మన పిల్లలను పట్టించుకునేవాళ్లు తక్కువ. డిగ్రీ మధ్యలో ఆపేసినవాళ్లు, బైకు మీద భోజనం పొట్లాలు మోసేవాళ్లు, ఇంట్లో సంబంధాలు చూస్తుంటే చదువుకుంటానని చెప్పలేని ఆడపిల్లలు. హైదరాబాద్ బస్తీల్లో నా పని ఎక్కువగా వీళ్లతోనే.

గత వేసవిలో ఎం.ఎస్.డబ్ల్యూ. మొదటి ఏడాది పూర్తిచేసిన ఒక విద్యార్థిని ఆరు వారాల ఇంటర్న్‌షిప్‌కు మా దగ్గరికి వచ్చింది. పాలమూరు వైపు అమ్మాయి. తల్లిదండ్రులు వలస కూలీలు. మొదటి రోజు పెద్ద ప్రశ్నావళి పట్టుకొచ్చింది. పిల్లలు మర్యాదగా జవాబులు చెప్పి వెళ్లిపోయారు. రెండో వారం నుంచి ఆ కాగితాలు సంచిలోనే ఉంచి, సాయంత్రాలు కమ్యూనిటీ హాలు మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. అసలు మాటలు అక్కడ బయటికొచ్చాయి.

ఒక అబ్బాయి డిగ్రీ పాసయ్యాడు. గోదాములో సూపర్‌వైజర్ పని దొరికేలా ఉంది. ఒరిజినల్ మెమోలు తెమ్మన్నారు. అవి కాలేజీలో ఉన్నాయి. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు కాబట్టి ఆ డబ్బు నువ్వే కట్టు, అప్పుడే ఇస్తాం అన్నారట. ఇంట్లో చెబితే అమ్మ మళ్లీ అప్పు చేస్తుందని మూడు నెలలుగా ఎవరికీ చెప్పలేదు. మెట్ల మీద ఆ అమ్మాయికి చెప్పాడు.

నేను చదివిన లా ఇక్కడ పనికొచ్చింది. ఉన్నత విద్యాసంస్థలు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. ఫీజు మంజూరు ఏ దశలో ఉందో 2005 సమాచార హక్కు చట్టం కింద సంక్షేమ శాఖను అడగవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

"సార్, దరఖాస్తు నేను రాసిస్తాను" అంది ఆ అమ్మాయి.

"నువ్వు వెళ్లిపోయాక ఎవరు రాస్తారమ్మా?" అన్నాను.

అబ్బాయే రాశాడు. ఆమె పక్కన కూర్చుంది. మొదటి ప్రతి నిండా వేడుకోళ్లే. చివర 'నన్ను క్షమించి' అని కూడా రాశాడు. "నువ్వేం తప్పు చేశావని?" అని ఆమె అడిగింది. అతను చాలాసేపు కాగితం వైపు చూసి ఆ ముక్క కొట్టేశాడు. మూడో ప్రతిలో బతిమాలడం పోయి అడగడం వచ్చింది. ఏ సర్టిఫికెట్లు, ఎప్పుడు ఇచ్చింది, ఏ నిబంధన ప్రకారం తిరిగి ఇవ్వాలి, అంతే. దరఖాస్తు ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవాలని చెప్పాను.

మూడుసార్లు తిరిగాక మెమోలు ఇచ్చారు. టీసీ ఇవ్వలేదు. దానికోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టాడు. ఈలోగా గోదాము పని వేరొకరికి వెళ్లిపోయింది. కాబట్టి గెలిచామని రాయను. కానీ ఇంటర్న్‌షిప్ ముగిసిన వారానికి అదే మెట్ల మీద అతను మరో ఇద్దరితో దరఖాస్తులు రాయిస్తున్నాడు. 'క్షమించి' అనే మాట వాళ్లతోనూ కొట్టించాడు.

నాకు యాభై దాటాయి. పిల్లలు నన్ను సార్ అంటారు, నాకు నచ్చే జవాబులు చెబుతారు. తమకంటే ఒకటి రెండేళ్లు పెద్దదైన అమ్మాయికి నిజం చెప్పారు. మనం కల్యాణమిత్రత అంటున్నది ఇదేనని నాకు అనిపిస్తుంది. ముందు నడిచి లాగకుండా, వెనక నుంచి తొయ్యకుండా పక్కన ఉండటం. బాబాసాహెబ్ 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టి, మరుసటి ఏడాదే షోలాపూర్‌లో విద్యార్థులకు హాస్టల్ తెరిపించారు. చదువుకునే యువకుడికి ముందు నిలబడటానికి ఒక చోటు కావాలని ఆయనకు తెలుసు.

మన ఊళ్లలో అంబేద్కర్ భవనాలు ఉన్నాయి. చాలావాటికి ఏప్రిల్ 14 దాటితే తాళం పడుతుంది. వచ్చే వేసవికి దగ్గర్లోని సోషల్ వర్క్ లేదా లా కాలేజీ నుంచి ఒక విద్యార్థిని పిలవండి. దారి ఖర్చులివ్వండి. అమ్మాయి అయితే ఉండటానికి భద్రమైన ఇల్లు చూడండి. రోజూ ఒక గంట ఆమెతో కూర్చునే పెద్ద మనిషి ఒకరుండాలి. మెట్ల మీద విన్న కష్టాలు పేర్లతో డైరీలోకి ఎక్కకూడదని మొదటి రోజే చెప్పండి. బ్యానర్లు రాయించడానికీ ఫోటోలు తీయించడానికీ ఆమెను వాడుకోవద్దు.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా తలుపు తెరిచి ఉంచండి. పిల్లలు మొదటి వారం రారు. రెండో వారం వస్తారు.